నలభై ఒకటో జాడీ

జాడీ మెడ చుట్టూ పూసిన సున్నాన్ని గిన్ సన్న ఉలితో గీరుతోంది. ఇరవై అయిదేళ్ళ నాటి సున్నం. అప్పుడు పూసిందీ ఈ చేతులే. గట్టిగా కొడితే జాడీ పగులుతుంది. అందుకని ఉలిని బొటనవేలి కింద కదలకుండా పట్టి, జాడీనే కొంచెం కొంచెంగా తిప్పుతోంది. మూత మీద ఎర్రటి ఇంగిలీకంతో రాసిన అంకె సగం చెరిగిపోయింది. నలభై రెండు.

పక్కన నల్ల గొడుగు పట్టుకుని ఫాంగ్ నిలబడ్డాడు. విశ్వవిద్యాలయం కార్యాలయంలో గుమాస్తా. షెడ్డులో ఉన్నా సరే, మూత తీసే క్షణంలో ఎముకలకు ఆకాశం కనబడకూడదని ఆచారం, ఎవరో ఒకరు గొడుగు అడ్డం పెట్టాలి.

“ఈ ఉద్యోగానికి పరీక్ష పెట్టినప్పుడు గొడుగు సంగతి చెప్పలేదత్తా.”

“చెబితే ఫెయిలయ్యేవాడివి. ఇటు వంచు. నా నెత్తి మీద కాదు, జాడీ మీద.”

“లోపలున్నవాళ్ళకి ఎండ తగిలితే ఏమవుతుంది?”

“నీకు తగిలితే ఏమవుతోందో అదే. విసుగు.”

కొండ మీద రేకుల షెడ్డులో నూట పదమూడు జాడీలు ఉన్నాయి. ఒక్కొక్కటీ తెరిచి, ఎముకలు తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ సర్ది, కొండ వెనక కొత్తగా కట్టిన అస్థికల గోపురంలోకి చేర్చాలి. నెలాఖరుకల్లా కొండ ఖాళీ కావాలి. ఏడంతస్తుల గ్రంథాలయం రాబోతోంది.

పూడ్చిన కొన్నేళ్ళకు ఎముకలు తీసి జాడీలో సర్దడం మా ఆచారం. జాడీలో మనిషి కూర్చుని ఉంటాడు. అడుగున పాదాలు, వాటి మీద కాళ్ళు, తుంటి, చువ్వకు గుచ్చిన వెన్నుపూసలు, చుట్టూ పక్కటెముకలు, చేతులు, అన్నిటికీ పైన పుర్రె. తల్లి కడుపులో ఎలా కూర్చున్నాడో అలాగే. సర్దడంలో తేడా వస్తే ఆ మనిషి కుదురుగా కూర్చోలేడనీ, ఇంట్లోవాళ్ళను కూర్చోనివ్వడనీ మావాళ్ళంటారు. గిన్ ఆ మాటల జోలికి పోదు. ఏ ఎముక ఎక్కడ ఉండాలో అక్కడ పెడుతుంది.

ముఖద్వారం దగ్గర నల్లరాతి మీద విశ్వవిద్యాలయం చరిత్ర చెక్కి ఉంది. జపాను వాళ్ళ కాలంలో చెరకు, వరి సాగు నేర్పే బడిగా మొదలైందట. రెండు చెక్క శాలలు, ఒక ఇటుక గోదాము, నలభై మంది పిల్లలు. యుద్ధం చివర్లో విమానాలు వచ్చి గోదాము కప్పు లేపేశాయి. జపాను వాళ్ళు పోయాక పాత బోర్డునే తిరగేసి, వెనక వైపు వ్యవసాయ కళాశాల అని రాశారు. సముద్రం అవతలి నుంచి వచ్చిన అధ్యాపకుల భాష పిల్లలకు తెలియదు, పిల్లల భాష వాళ్ళకు తెలియదు. మొదటి ఏడాది చదువంతా నల్లబల్ల మీద బొమ్మలతోనే గడిచింది. తర్వాత వసతి గృహాలు వచ్చాయి, అటవీ విభాగం వచ్చింది, ఇంజనీరింగు వచ్చింది. చివరికి జాతీయ విశ్వవిద్యాలయమన్న పేరూ, కొత్త ముఖద్వారమూ, ఆరు వేల మంది విద్యార్థులూ. రాతి మీద ఇంతవరకే ఉంది.

కింద పొలాలన్నీ చక్కెర మిల్లువనీ, మిల్లు జానెడు కూడా వదల్లేదనీ రాతి మీద లేదు. పెరగాలంటే కొండ మీదికే పెరగాలి. కొండంతా ఊరి శ్మశానం. విశ్వవిద్యాలయం ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా చచ్చిపోయినవాళ్ళు ఒక మెట్టు పైకి జరిగారు. వసతి గృహాలప్పుడు ఒకసారి, ఇంజనీరింగు భవనమప్పుడు ఒకసారి. ఇప్పుడు మూడోసారి. పైన ఇక మెట్టు లేదు.

మూడుసార్లూ గిన్ చేతుల మీదుగానే జరిగింది.

పది రోజుల కిందట బాంగ్‌ఛీ అవ్వ వెదురు కర్ర పొడుచుకుంటూ కొండెక్కి వచ్చింది. ఎనభై రెండేళ్ళ మనిషి. ఆడపిల్ల పుట్టిందని విసుగొచ్చి, ఎలాగో పెరగనీ అన్న అర్థంలో పెట్టిన పేరది. ఆ పేరుతోనే భర్తను సాగనంపింది, ఒక్క కొడుకును సాగనంపింది. నలభై ఒకటో జాడీ ఆ కొడుకుది. పేరు చెంగ్‌ఖే.

“నా పిల్లాడి మూత నువ్వే తీస్తావట గదా.”

“నేనే అవ్వా. కూర్చో ముందు. రొప్పుతున్నావు.”

“కూర్చుంటే మళ్ళీ లేపాలి నన్ను. ఉండనీ.” అటూ ఇటూ చూసింది. షెడ్డులో ఎవరూ లేరు. “వాడు కల్లోకొస్తాడు. వచ్చినప్పుడల్లా ఎడమ కాలు ఈడుస్తూ వస్తాడు. అక్కడ వాడి కాలు విరగ్గొట్టారమ్మా. విరగ్గొట్టి నడవమన్నారు. అదొక్కటీ చూసి చెప్పు. విరిగిందా, లేదా. తెలీకుండా పోలేను నేను.”

కళాశాలగా మారిన నాలుగో ఏడు, ఒక ఉదయం పిల్లలు పడుకునే పాత చెక్క శాల నుంచి ఏడుగురిని సైనికులు లారీ ఎక్కించుకుపోయారు. చెంగ్‌ఖే అందులో ఒకడు. పంతొమ్మిదేళ్ళు. ఎందుకో ఎవరూ అడగలేదు. రెండు నెలలకు రైల్లో ఒక శవపేటిక వచ్చింది, తెరవకూడదన్న కాగితంతో. అవ్వ తెరవకుండానే పూడ్చింది. ఎనిమిదేళ్ళ తర్వాత ఎముకలు తీసే రోజైనా చూడవచ్చనుకుంది. కాని పంచాంగం చూసినాయన పెట్టిన రోజు పులి ఏట పుట్టినవాళ్ళకు పడలేదు. పడనివాళ్ళు చూడకూడదు. మా పన్నెండేళ్ళ చక్రంలో ఏడాదికో జంతువు పేరు; అవ్వ పుట్టింది పులి ఏట. దిగువన చెరకు తోట వైపు మొహం తిప్పుకుని నిలబడింది. ముప్ఫై మూడేళ్ళుగా కొడుకును చూడనేలేదు.

“చూస్తాను అవ్వా,” అంది గిన్. అవ్వ కళ్ళలోకి మాత్రం చూడలేదు.

ఎముకలు తీసిన ఆ రోజు సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు.

అప్పటికి గిన్ కాపురానికి వచ్చి రెండేళ్ళు. ఎముకలు తీసే పని మామగారు హోక్‌లాయ్‌ది. ఆడవాళ్ళకు నేర్పే పని కాదు. ఆయన తీస్తుంటే వెనక కూర్చుని కడిగింది, కడుగుతూ నేర్చుకుంది. మామగారి చూపు మందగించాక, ఆయన పేరు చెప్పి సర్దడం కూడా తనే మొదలుపెట్టింది. నలభై ఒకటి, నలభై రెండు పక్కపక్క సమాధులు. రెండూ ఒకే పొద్దున తెరిచారు. వాన ఎత్తుకుంది. రెండు చాపల ఎముకలూ ఒకే టార్పాలిన్ కిందికి లాగారు. ముహూర్తం మించిపోతోందని మామగారు కేకలు. గిన్ గబగబా సర్దింది, మూతలు పెట్టింది, సున్నం పూసింది. ఆ తర్వాత కడిగిన తొట్టి వంచితే అడుగున ఒక మడమ ఎముక మిగిలి ఉంది. ఎడమది.

“మామా, ఇది...”

“ముహూర్తానికి మూసిన మూత తియ్యకూడదు.”

“ఎవరిదో కూడా తెలీదు మామా.”

“తెలీకపోతేనే మంచిది. ఈ మాట పొక్కిందంటే ఈ ఊళ్ళో ఇక ఎవడూ తన తల్లిని మన చేతిలో పెట్టడు.”

ఆయనే దాన్ని దిగువన ఒక బూరుగుచెట్టు కింద పాతాడు. మట్టి అదిమింది గిన్. తర్వాత పదకొండేళ్ళకు ఇంజనీరింగు భవనానికి ఆ చోటే గీత గీశారని విని పార పట్టుకుని పరుగెత్తింది. ఒక రోజు ఆలస్యమైంది. చెట్టు లేదు. మట్టిని లారీలు ఎటో మోసుకుపోయాయి.

ఆ తర్వాత మామగారు పోయారు. గిన్ పనితనానికి చుట్టుపక్కల పేరొచ్చింది. ఎముకలను పైకి చెబుతూ రెండుసార్లు లెక్కపెట్టే మనిషి ఈ దీవిలో ఆమె ఒక్కతేనని అనేవారు. భయంతో వచ్చిన పేరది.

“ఇంజనీరింగు భవనం కింది అంతస్తు సంగతి విన్నావా అత్తా?” గొడుగు చెయ్యి మార్చుకుంటూ అన్నాడు ఫాంగ్. “మధ్యాహ్నం కునుకు వేళ పిల్లలంతా బల్లల మీద తలలు వాలుస్తారా, అప్పుడు వరండాలో ఎవరో నడుస్తారట. ఒకడుగు టక్కుమని, ఒకడుగు జర్రుమని. ఎవడూ తలెత్తడు. ఎత్తినవాడు ఆ ఏడు కాంక్రీటు పరీక్ష తప్పుతాడట.”

“నువ్వెత్తావా?”

“నేను చదివింది చరిత్ర. మాకా పరీక్షే లేదు.”

తన మాటకు తనే నవ్వుకున్నాడు. గిన్ చేతిలో ఉలి ఆగిపోయి ఉంది. ఆ నడక ఆమెకు కొత్త కాదు. చాలా ఏళ్ళుగా నడిమధ్యాహ్నం, పెరట్లో కంకర మీద వింటోంది. కోడిపెట్టలు కూడా ఆ వేళ పెరట్లోకి పోవు.

సున్నం చివరి పెళ్ళ ఊడింది. మూత తీసింది. ఫాంగ్ కాసేపు గొడుగు పట్టి, ఎముకలు చాప మీదికి చేరాక తన అన్నం డబ్బా తీసుకుని కునుకు తీయడానికి దిగువకు పోయాడు.

నలభై రెండులో ఉన్నది ముసలావిడ. తమలపాకు, వక్క నమిలి నమిలి పళ్ళు నల్లబడ్డాయి. జాబితాలో పేరు లేదు, అయినవాళ్ళు లేరు. గిన్ పాదాల ఎముకలు వరుసగా పేర్చింది. కుడి మడమ. ఎడమ మడమ. రెండూ ఉన్నాయి.

అంటే లేనిది నలభై ఒకటిలో.

ఎడమ మడమను చేతిలోకి తీసుకుంది. పైన రేకులు ఎండకు చిటపటమంటున్నాయి. ఈవిడ కోసం ఎవరూ రారు. గోపురంలో అట్టడుగు అరలో, పేరు లేనివాళ్ళ మధ్య పెడతారు. ఈ ఎముకను పక్క జాడీలో వేస్తే చెంగ్‌ఖే రెండు కాళ్ళ మీద నిలబడతాడు. అవ్వకు కాలు విరగలేదని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాకపోవచ్చు. కొండ కింద ఒక్క ప్రాణికి తెలియదు.

బయట కంకర మీద అడుగు పడింది. తర్వాతి అడుగు ఈడ్చుకుంటూ వచ్చింది. మళ్ళీ అడుగు. మళ్ళీ ఈడుపు.

గిన్ తలెత్తలేదు. ఆ నడక గుమ్మం దాటింది. జాడీల వరుస పక్కనుంచి, తొందర లేకుండా వచ్చింది. చాప అంచున ఆగింది. చాప మీద ఎముకల నీడలున్నాయి, ఆమె నీడ ఉంది. ఇంకో నీడ లేదు. పాత పెట్టె తెరిచినప్పుడు వచ్చే తడిమట్టి వాసన వచ్చింది.

“ఇది నీది కాదు నాయనా,” అంది. “ఈవిడది. ఈవిడకీ నడవాలని ఉంటుంది.”

మడమను ముసలావిడ పాదం దగ్గర, దాని చోట పెట్టింది. వేలి ఎముకలు చెదిరితే వాటినీ సర్దింది. ఎంతసేపటికి తల ఎత్తిందో ఆమెకే తెలియదు. దిగువ నుంచి ఫాంగ్ ఆవలిస్తూ వస్తున్నాడు.

“చివరి నుంచి వస్తున్నాం, ఇక నలభై ఒకటి గదా,” అన్నాడు జాబితా తిప్పుతూ.

“కాదు. దాన్ని పంతొమ్మిదో తేదీన తీస్తాను.”

“వరుస తప్పితే మా పెద్దాయన నన్ను తింటాడు.”

“జాబితా మీది, పంచాంగం నాది. ఆ రోజు పులి ఏటివాళ్ళు చూడొచ్చు.”

పంతొమ్మిదిన అవ్వ ఉతికిన నీలం చొక్కా వేసుకుని వచ్చింది. ఫాంగ్ ఆమె కోసం కార్యాలయం నుంచి కుర్చీ మోసుకొచ్చాడు. గిన్ సున్నమంతా గీరేసి, మూత మీద చెయ్యి పెట్టి ఆగింది.

“అవ్వా, తీసే ముందు నీకొకటి చెప్పాలి.”

వానతో మొదలుపెట్టి, లారీలతో ముగించింది. దేన్నీ మామగారి మీదికి నెట్టలేదు. సర్దింది తనేనంది.

అవ్వ జాడీ మీంచి గిన్ వైపు తిరిగింది.

“ప్రతి సమాధుల పండక్కీ నేను తెచ్చిన పిండిరొట్టె తిన్నావు నువ్వు.”

“తిన్నాను.”

“ఎలా దిగిందే నీ గొంతు?”

“దిగలేదవ్వా.”

“అయినా తిన్నావు.”

“పెడితే వద్దనలేకపోయాను.”

ఫాంగ్ అటు తిరిగి గొడుగు కడ్డీలు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు. అవ్వ వెదురు కర్రను ఎత్తింది. కొడుతుందనే అనుకున్నాడతను. గిన్ తప్పుకోలేదు. అవ్వ దాన్ని కుర్చీకి ఆనించింది.

“తియ్యి,” అంది.

పుర్రెను రెండు చేతులా తీసి, మొహం తల్లి వైపు ఉండేలా ఎర్రబట్ట మీద పెట్టింది గిన్. తర్వాత ఒక్కొక్కటే చాప మీదికి. చివరికి కాళ్ళు. ఎడమ తొడ ఎముక, మోకాటి చిప్ప, పిక్క ఎముకలు. ఎడమ పాదంలో మడమ చోటు ఖాళీగా ఉంది. గిన్ పిక్క ఎముకను నిలువునా వేలితో రాసి చూసింది. తిప్పి మళ్ళీ రాసింది.

“విరగలేదు.”

“సరిగ్గా చూడు.”

“నా మాట ఎందుకవ్వా, నువ్వే చూడు.” తెచ్చి ఒడిలో పెట్టింది.

అరవై ఏళ్ళు నాట్లు వేసిన వేళ్ళవి. ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళాయి, తిరిగి వచ్చాయి. తొడ ఎముకా చూసింది. కుడి కాలూ చూసింది. అన్నీ నునుపు. “ఇవీ వాడివేనా? ఇంత పొడుగైపోయాడా?” అంది. తర్వాత, ఎవరూ అడగకుండానే, చేతుల వైపు వంగింది. కుడి ముంజేతి ఎముక మీద వేళ్ళు ఆగిపోయాయి.

“ఇక్కడేమిటిది?”

గిన్ ఎముకను వెలుగు వైపు తిప్పింది. అవ్వ చూడమన్నది కాలు ఒక్కటే. చెప్పకపోయినా తప్పు కాదు. కాని తప్పుకూ చెప్పకపోవడానికీ మధ్య ఇరవై అయిదేళ్ళు కాపురం చేసిన మనిషి.

“ఇక్కడ విరిగింది. దెబ్బకు అడ్డం పెడితే ఇలా విరుగుతుంది. చుట్టూ బొడిపెలా ఉంది చూడు, అది కొత్త ఎముక. విరిగాక బతికే ఉన్నాడు. నెల, నెలన్నర.”

“అతుక్కుంటోందన్నమాట.”

“అతుక్కుంటోంది అవ్వా.”

అవ్వ ఆ బొడిపె మీద బొటనవేలు పెట్టి అలాగే కూర్చుంది. ఏడవలేదు. కొండ కింద తరగతి గంట మోగి ఆగింది.

“చెయ్యి. కాలు కాదు,” అంది చివరికి. “వాడు నడిచాడు. ఎక్కడికి తీసుకెళ్ళినా తన కాళ్ళతోనే నడిచాడు.”

“నడిచాడు.”

“కుంటివాణ్ణి చేసింది నువ్వు.”

“నేనే.”

“అయితే ఆ మడమ చెయ్యి మరి. ఊరికే కూర్చున్నావేం?”

మా దగ్గర దొరకని ఎముకకు బదులు చెక్కది చేసి పెడతారు. చాలామంది నాలుగు దెబ్బల్లో ఓ ముక్క చెక్కి పడేస్తారు, చూసేదెవరని. గిన్ లాంగన్ పండ్ల చెట్టు చెక్క తెచ్చుకుంది. గట్టిది, నీరు తాగదు. కుడి మడమను ఎదురుగా పెట్టుకుంది. ఎడమది దానికి అద్దంలో బొమ్మ. కుడిదానికి పల్లం లోపలి వైపు ఎక్కడుంటే దీనికి అక్కడే, కాని ఎదురు పక్కకు. చూస్తూ చెక్కితే చెయ్యి పొరపడుతుంది. అందుకని కళ్ళు మూసుకుని ఎడమ చేత్తో ఎముకను తడుముతూ, కుడి చేత్తో ఉలి నడిపింది. రూపు వచ్చాక ఆకురాయి, తర్వాత గరుకు కాగితం. అవ్వ చెయ్యి చాచి అడిగి తీసుకుంది.

“ఇక్కడ ఎత్తుగా ఉంది.”

ఆమె చెప్పిన చోట నిజంగానే వెంట్రుకవాసి ఎత్తు. గిన్ రాసింది. అవ్వ మళ్ళీ పట్టి చూసింది, మళ్ళీ ఇచ్చింది. అలా నాలుగుసార్లు. మధ్యాహ్నం కునుకు వేళ వచ్చి పోయింది. ఫాంగ్ ఆ రోజు పడుకోవడానికి పోలేదు. అన్నం డబ్బా విప్పనూ లేదు.

“అత్తా,” అన్నాడు మెల్లగా, “జాబితాలో ‘కొరత’ అని ఒక గడి ఉంది. నేనేమీ చూడలేదు. ఖాళీగా వదిలేస్తాను. రాశానంటే మిగిలిన జాడీలన్నీ వేరేవాళ్ళకిచ్చేస్తారు.”

“రాయి.”

“అత్తా...”

“ఎడమ మడమ అని రాయి. మొదటిసారి సర్దినప్పుడు పోగొట్టింది కో గిన్ అని రాయి. చరిత్ర చదివానంటివి గదా.”

అతను కలం తీశాడు. రాస్తున్నంతసేపూ తలెత్తలేదు.

గిన్ సర్దడం మొదలుపెట్టింది. ప్రతి ఎముకనూ పైకి చెబుతూ, అవ్వ వినేలా. అడుగున పాదాలు, ఎడమ పాదంలో ఎముకల మధ్య చెక్క మడమ సరిగ్గా కూర్చుంది, కదిపి చూసినా కదల్లేదు. కాళ్ళు ముడిచినట్టు. తుంటి. వెన్నుపూసలు ఒక్కొక్కటే విల్లో చెట్టు కొమ్మ చువ్వకు. పక్కటెముకలు కుడివి కుడికి, ఎడమవి ఎడమకు. విరిగిన చెయ్యిని లోపలి వైపు, ఒడిలో పెట్టుకున్నట్టు పెట్టింది. పైన పుర్రె. చాప ఖాళీ అయింది. తొట్టి వంచి చూపించింది. అందులోనూ ఏమీ లేదు.

మూత లోపలి వైపు ఇంగిలీకంతో రాసింది: ఎడమ మడమ లాంగన్ చెక్కది. చేసింది కో గిన్.

“లోపలెందుకే? ఎవరు చదువుతారు?” అంది అవ్వ.

“తర్వాత తెరిచేవాళ్ళు. చెక్క చూసి కంగారుపడతారు గదా.”

సున్నం పూసి, తడిగుడ్డతో అంచులు నునుపు చేసింది. ఎర్రగుడ్డ కట్టి, మోకాళ్ళ మీద లేచి, జాడీని అవ్వ చేతుల్లో పెట్టింది. కింద తన చేతులు ఆనించి బరువు కొంచెం కొంచెంగా వదిలింది. అవ్వ మోయగలదని తెలిశాక పూర్తిగా తీసేసింది. ఫాంగ్ వచ్చి గొడుగు పట్టాడు.

అవ్వ జాడీని గుండెకు ఆనించుకుని గుమ్మం దాటింది.

“చెంగ్‌ఖే, బయల్దేరాం,” అంది. “మెట్లున్నాయి. చూసుకుని దిగు.”